జ్యాగణితమునకు తొలిమెట్టు బీజగణితము



మీ యిండ్లలో పదవతరగతి చదువు పిల్లలున్నచో 'త్రికోణమితి' అను మాట మీ చెవిని బడియే యుండును. ఆ మాట పలుకునపుడు పిల్లల మొగము ఎట్లు చిన్నవోవునో గూడ మీరు చూచియే యుందురు. సైను, కొసైను, టాన్జెంటు అను పేర్లు విని, ఇది సీమనుండి దిగిన విద్య, మన పిల్లల తలకెక్కదు అని చేతులెత్తిన తండ్రులను నేను పలువురను ఎఱుగుదును. నేను చిన్ననాట ఒక సంస్కృతపాఠశాలలో లీలావతిని గురుముఖమున చదివి, పిదప ఉన్నతపాఠశాలలో ముప్పది యేండ్లకు పైగా లెక్కలు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. రెండుచోట్లను చదివినదియు చెప్పినదియు కలిపి చూడగా నాకొక సంగతి తేటపడినది. త్రికోణమితి నేర్చు పిల్లలు తొట్రుపడుచోటు చాలవఱకు త్రికోణమితిలో లేదు. అంతకు రెండేండ్లకు ముందు సగము నేర్చి వదలిన బీజగణితములో నున్నది. ఆ శాస్త్రము పుట్టి పెరిగిన చరిత్రయే ఇందులకు సాక్ష్యము పలుకుచున్నది. ఆ చరిత్రను కొంత నేడు విన్నవించెదను.

మొదట పేరు సంగతి. ఒక వృత్తము గీచి దానిలో ఒక్క తునకను మాత్రము చూడుడు. వంగిన గీత విల్లువలె నుండును. దాని రెండు కొనలను కలుపు తిన్నని గీత వింటినారివలె నుండును. నారి నడుమనుండి విల్లువఱకు నిలువుగ గీచిన గీత, ఎక్కుపెట్టిన అమ్మువలె నుండును. మన పూర్వులు ఈ మూటికి చాపము, జ్య, శరము అని పేళ్లు పెట్టిరి. గ్రీకులలో క్రీస్తునకు పూర్వము రెండవ శతాబ్దివాడైన హిప్పార్కసును, క్రీస్తునకు తరువాత రెండవ శతాబ్దివాడైన టాలెమీయు నారిని మొత్తముగా కొలిచిరి. మనవారు సగము నారిని గైకొనిరి. వినుటకిది అల్పమైన మార్పు. కాని సగము నారియు, కేంద్రమునుండి దానికి గల దూరమును, వృత్తవ్యాసార్ధమును గలిసినచో ఒక లంబకోణ త్రిభుజము ఏర్పడును. సగము నారి భుజ, దూరము కోటి, వ్యాసార్ధము కర్ణము. భుజవర్గమును కోటివర్గమును కూడిన కర్ణవర్గమగునన్నది శుల్బసూత్రములనాటినుండి మనవారెఱిగిన నియమము. సగము నారిని పట్టుకొనుటతో ఆ నియమము నేరుగ చేతికి వచ్చినది. అర్ధజ్య యనవలసినదానిని రానురాను జ్య అనియే వాడుకచేసిరి.

ఈ జ్యకు జీవ యని మరియొక పేరు. అరబ్బుపండితులు మన గ్రంథములను తమ భాషలోనికి తెచ్చుకొనునపుడు దానిని జీబ అని వ్రాసికొనిరి. వారి లిపిలో హ్రస్వాచ్చులను వ్రాయకుండుట వాడుక. అందుచే తరువాతివారు ఆ అక్షరములనే జైబ్ అని చదివిరి. జైబ్ అనగా వారి భాషలో వస్త్రపు మడత, ఱొమ్ముకడ అంగీ తెరపు. 12వ శతాబ్దిలో ఆ గ్రంథములను లాటినులోనికి మార్చినవారు ఆ యర్థమునే గ్రహించి, మడతకు తమ భాషలో నున్న సైనస్ అను మాటను వేసిరి. అదియే సైను. కోటిజ్యయే కొసైను. సీమవిద్య యని మనము భయపడు ఆ శబ్దము, మన వింటినారియే బాగుదాదులో వేషము మార్చుకొని పడమటిదేశములు తిరిగి యింటికి వచ్చినది. వ్యాకరణము చదివినవాడనగుటచే ఈ అపభ్రంశకథ నాకు మిక్కిలి ప్రీతి. ఇంతకంటె దీనిని పెంచను.

ఇక జ్యలను కట్టిన తీరు. క్రీస్తుశకము 476లో జన్మించిన ఆర్యభటుడు 499లో ఆర్యభటీయమును రచించెను. అందొక్క పద్యములో, అక్షరములనే అంకెలుగా జేసి, ఇరువదినాలుగు సంఖ్యల నిమిడ్చెను. మా గురువుగారు దానిని మాచే వల్లె వేయించెడివారు. అర్థము లేని అక్షరములవలె నుండి నాలుక తిరుగక మేము నవ్వుకొనెడివారము. ఆ యిరువదినాలుగును వరుస జ్యల నడుమ నున్న తేడాలు. 225, 224, 222, 219, 215, 210 అని మొదలై, 37, 22, 7 అని ముగియును. అన్నిటిని కూడినచో 3438 వచ్చును. అది ఆయన గైకొన్న వ్యాసార్ధము.

3438 ఎక్కడినుండి వచ్చినది? వృత్తమునకు 360 డిగ్రీలు, డిగ్రీకి 60 కలలు, వెరసి 21600 కలలు. 20000 వ్యాసము గల వృత్తమునకు పరిధి సుమారు 62832 అని ఆర్యభటుడే చెప్పెను. సుమారు అన్న మాటను ఆయన విడువలేదు, గమనింపుడు. పరిధి 21600 కలలైనచో వ్యాసార్ధ మెంత? ఇది త్రైరాశికము. చేసి చూచిన 3437 దాటి ముప్పాతికకు దగ్గరగ వచ్చును. దానిని 3438 గా తీసికొనిరి. పాదవృత్తము 90 డిగ్రీలు, అనగా 5400 కలలు. దానిని 24 పాళ్లు చేసిన ఒక్కొక్కటి 225 కలలు, అనగా మూడు డిగ్రీల ముప్పాతిక.

24 పాళ్లే యేల? 30 డిగ్రీల జ్య లెక్క లేకయే తెలియును. వృత్తములో ఆరు సమభుజములు గల ఆకృతిని అమర్చిన దాని భుజము వ్యాసార్ధమునకు సమానము. 30 డిగ్రీల జ్య అందు సగము, అనగా 1719. ఆ 30ని సగము చేసిన 15, దానిని సగము చేసిన ఏడున్నర, మరల సగము చేసిన మూడు ముప్పాతిక. సగమునకు సగము చేయుచు పోగా వచ్చినదే ఈ 225 కలల పాలు. కావున సగము చాపమునకు జ్య కట్టు ఉపాయము తెలిసినచో పట్టిక యంతయు చేతిలో నున్నట్లే. ఆ యుపాయమును వరాహమిహిరుడు పంచసిద్ధాంతికలో చెప్పెను. ఆయన వ్యాసార్ధమును 120 గా గైకొనెను. అది వేఱు సంగతి.

ఉపాయ మిది. ఒక చాపమునకు జ్యయు శరమును తెలిసినవనుకొనుడు. ఆ రెండును ఒకదానికొకటి లంబముగ నుండును. వాని వర్గములను కూడిన, ఆ చాపము రెండు కొనలను కలుపు పూర్తినారి వర్గము వచ్చును. ఆ పూర్తినారిలో సగము, సగము చాపమునకు జ్య. కావున వర్గముల మొత్తమును నాలుగింట భాగించి మూలము తీయవలెను.

పలక యున్నవారు తీసి చేయుడు. 30 డిగ్రీలకు జ్య 1719. దాని వర్గము 2954961. వ్యాసార్ధము 3438 వర్గము 11819844. మొదటిదానిని రెండవదానినుండి తీసివేయగా 8864883. దీని మూలము 2977 పైచిలుకు. పట్టికలో దీనిని 2978 అని వాడిరి. ఇది 30 డిగ్రీల కోటిజ్య, 60 డిగ్రీల జ్యయు నిదియే. వ్యాసార్ధమునుండి దీనిని తీసివేయగా శరము 460. దాని వర్గము 211600. జ్యావర్గమును శరవర్గమును కూడిన 3166561. నాలుగింట భాగించిన 791640 పైచిలుకు. దీని మూలము 889 దాటి 890కి చేరువ. 15 డిగ్రీల జ్య 890.

ఇపుడు ఆర్యభటుని పట్టికను చూడుడు. 15 డిగ్రీలనగా నాలుగు పాళ్లు. మొదటి నాలుగు తేడాలు 225, 224, 222, 219. కూడుడు. 890.

ఆర్యభటుడు ఇంతతో నిలువక మూలములతో పనిలేని రెండవ దారిని గూడ చూపెను. ఒక్కొక్క తేడా, అంతవఱకు వచ్చిన జ్యను 225చే భాగింపగా వచ్చినంత మేర తగ్గుచు పోవునని ఆయన సూత్రము. మొదటి జ్య 225. 225చే భాగించిన 1. కావున రెండవ తేడా 224. కూడిన 449, భాగించిన సుమారు 2, మూడవ తేడా 222. కూడిన 671, భాగించిన సుమారు 3, నాలుగవ తేడా 219. కూడిన 890. రెండు దారులును ఒక్కచోటనే కలిసినవి. పైకి పోయినకొలది ఈ రెండవ దారిలో ఒకటి అరా భేదము వచ్చును; అందుచే నడుమ నడుమ మూలముతో సరిచూచుకొనవలెను.

ఇందు మనము వాడినవి యేవి? వర్గము, వర్గమూలము, భిన్నము, త్రైరాశికము, తెలిసినదానినుండి తెలియనిదానిని విడదీయుట. జ్య అను ఒక్క క్రొత్త మాటను తీసివేసిన మిగిలినదంతయు పాటీగణితమును బీజగణితమును.

కొన్ని యేండ్ల క్రిందట ప్రక్కయూరి రైతొకరు తన కూతురిని వెంటబెట్టుకొని నా యొద్దకు వచ్చిరి. "పంతులుగారూ, దీనికి లెక్కలు ఎక్కడం లేదంట. ఈ ఏటితో మానిపిద్దామనుకుంటున్నా. మీరొక మాట చెప్పండి" అనిరి. సంబంధము గూడ ఒకటి చూచి యుంచినారని మాటలలో తెలిసినది. నేను ఆ పిల్లకు తఱచు పరీక్షలలో వచ్చు లెక్క నొకటి యిచ్చితిని. ఒక తాడిచెట్టు కొనను ఒకచోటనుండి చూచిన 30 డిగ్రీల కోణమున కనబడుచున్నది. చెట్టువైపునకు 40 మూరలు నడచి చూచిన 60 డిగ్రీలున్నది. చెట్టు ఎత్తెంత?

పిల్ల బొమ్మ చక్కగ గీచినది. 60 డిగ్రీల టాన్జెంటు మూడింటి మూలమనియు, 30 డిగ్రీలది ఒకటిని మూడింటి మూలముచే భాగించినదనియు తడబడక వ్రాసినది. ఎత్తును మూడింటి మూలముచే గుణించి, అందుండి ఎత్తును మూడింటి మూలముచే భాగించినదానిని తీసివేసిన 40 అని సమీకరణము గూడ సరిగనే నిలిపినది. అక్కడ కలము ఆగిపోయినది. కన్నుల నీరు తిరిగినది.

అయ్యా, ఆ నిలిచినచోట సైనును లేదు, టాన్జెంటును లేదు. మూడింటి మూలమునుండి, ఒకటిని మూడింటి మూలముచే భాగించినదానిని తీసివేయవలెను. సమహారము చేసిన మూడులోనుండి ఒకటి పోగా రెండు. రెండును మూడింటి మూలముచే భాగించినది. అంతే. ఎత్తు ఇరువదిని మూడింటి మూలముచే గుణించినంత, సుమారు ముప్పదినాలుగున్నర మూరలు. ఏడవ తరగతిలో అరలు, పాతికలు తీసివేయుట వచ్చినవారికి ఇది రావలెను. అయితే ఆ పిల్లకు భిన్నములు చెప్పిన యేట వారి పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయుడు నెలల తరబడి లేకుండెనట. ఆ గుంటను ఎవరును పూడ్చలేదు. పై తరగతులలో ఆ గుంటమీదనే గోడ కట్టుచు పోయిరి. గోడ కూలినపుడు పిల్ల బుద్ధిమీద నెపము వేసిరి.

ఆమెకు బీజగణితమునంతయు మొదటినుండి మరల చెప్పుటకు వ్యవధి లేదు. చెప్పినను విసుగు పుట్టియుండును. కావున ఏనాటి త్రికోణమితిపాఠమునకు ఏ బీజగణితము కావలయునో ఆనాడు దానిని మాత్రము దులిపి చేతికిచ్చితిని. 30, 45, 60 డిగ్రీల విలువలు చదివిన నాడు కరణులు, అనగా పూర్తిగ తెగని మూలములు. సైనువర్గము కొసైనువర్గము కూడిన ఒకటి యగునని చదివిన నాడు వర్గాంతరము. రెండు రాసుల వర్గముల తేడా, ఆ రాసుల మొత్తమును తేడాను గుణించినదానికి సమానమని లీలావతిలో చదివితిమి గదా. ఒకటిలోనుండి సైనువర్గమును తీసివేసి, దానిని ఒకటియు సైనును కూడినదానిచే భాగింపుమన్న లెక్కకు ఆ ఒక్క సూత్రము చాలును, ఒకటిలోనుండి సైను తీసివేసినది మిగులును. ఎత్తులు దూరములు చదివిన నాడు సమీకరణములు. ఈ విధముగ రెండు నెలలు సాయంకాలములు చదివినది. ఆ యేడు లెక్కలలో ఉత్తీర్ణురాలై ఇంటరులో గణితశాఖనే కోరి చేరినది. సంబంధపు మాట మరల ఎత్తిరో లేదో నేనడుగలేదు.

ఈ క్రమము నేను కనిపెట్టినది గాదు. భాస్కరాచార్యుని గ్రంథక్రమమే యిది. 1114లో జన్మించిన భాస్కరుడు 1150లో సిద్ధాంతశిరోమణిని పూర్తిచేసెను. అందు లీలావతి, బీజగణితము, గ్రహగణితము, గోలాధ్యాయము అని నాలుగు భాగములు. జ్యలను పుట్టించు ప్రకరణము, జ్యోత్పత్తి యనునది, గోలాధ్యాయములో కలదు. అనగా వ్యక్తగణితమును అవ్యక్తగణితమును దాటినగాని అక్కడికి చేరరాదు. ఆచార్యుడు ఈ సంగతిని దాచక గోలాధ్యాయములోనే నిక్కచ్చిగ చెప్పెను. రెండు గణితములును తెలిసి, శబ్దశాస్త్రమున గూడ దిట్టయైనవాడే ఈ శాస్త్రమునకు అధికారి. తక్కినవాడు పేరునకు మాత్రమే జ్యోతిష్కుడు. ఈ మాట చదివినపుడెల్ల మా గురువుగారు మావైపు ఓరగ చూచెడివారు.

అధికారమన్న మాటకు కులముతో ధనముతో నిందు పనిలేదు. ఏమి తెలిసియుండవలెనో అదియే అధికారము. దానికి తార్కాణముగా జ్యోత్పత్తిలోని ఒక సూత్రమును చూడుడు. వ్యాసార్ధవర్గమును ఐదింట గుణించి మూలము తీసి, అందుండి వ్యాసార్ధమును తగ్గించి, నాలుగింట భాగించిన 18 డిగ్రీల జ్య వచ్చునని భాస్కరుడు చెప్పెను. ఐదు ఎక్కడినుండి ఊడిపడినది? బీజగణితము రానివాడు దీనిని చిలుకవలె వల్లింపవలసినదే. వచ్చినవాడు దారి వేసికొనగలడు. ఆ దారిలో నొకటి చెప్పెదను.

కేంద్రమువద్ద 36 డిగ్రీల కోణము చేయు రెండు వ్యాసార్ధములను గీచి, వాని కొనలను కలుపుడు. కలిపిన గీత 18 డిగ్రీల జ్యకు రెట్టింపు. ఏర్పడిన త్రిభుజములో క్రింది కోణములు రెండును 72 డిగ్రీలు. అందొకదానిని సగము చేయుచు ఎదుటి భుజమువఱకు గీత గీచిన, లోపల మరియొక చిన్న త్రిభుజము పుట్టును. దాని కోణములును 36, 72, 72 గానే యుండును. పెద్దదానిలో భుజము వ్యాసార్ధము, భూమి మనకు తెలియనిది. చిన్నదానిలో భుజము ఆ తెలియనిదే, భూమి వ్యాసార్ధములో తెలియనిది పోగా మిగిలినది. ఇక త్రైరాశికము. వ్యాసార్ధమునకు తెలియనిది యెట్లో, తెలియనిదానికి ఆ మిగిలినది అట్లు. గుణించి సవరించిన, తెలియనిదాని వర్గమును, తెలియనిదానిని వ్యాసార్ధముచే గుణించినదియు కలిసి వ్యాసార్ధవర్గమునకు సమానము.

ఇది వర్గసమీకరణము. నడుమ నున్న పదమును తొలగించు విధమునకు మన బీజగణితమున మధ్యమాహరణమని పేరు. శ్రీధరాచార్యుని యుపాయమును భాస్కరుడే పేరుతో ఉదాహరించెను. అన్నిటిని నాలుగింట గుణించి, రెండువైపుల వ్యాసార్ధవర్గమును కలుపుడు. ఎడమవైపు, తెలియనిదానికి రెట్టింపును వ్యాసార్ధమును కూడినదాని వర్గముగా ముడిపడును. కుడివైపు నాలుగు వ్యాసార్ధవర్గములకు ఒకటి చేరి ఐదగును. ఊడిపడినదనుకొన్న ఐదు ఇదియే. మూలము తీసి, వ్యాసార్ధమును తగ్గించిన తెలియనిదానికి రెట్టింపు వచ్చును. మనకు కావలసినది తెలియనిదానిలో సగము గనుక నాలుగింట భాగింపవలెను. 3438 వేసి చూచిన 1062 పైచిలుకు. సూత్రము అక్షరము పొల్లుపోక వచ్చినది. ఈ లెక్కలో ఆకాశము లేదు, గ్రహము లేదు, ఉన్నదంతయు తొమ్మిదవ పదవ తరగతుల బీజగణితము.

భాస్కరునికి మూడువందల యేండ్లకు ముందు బాగుదాదులోను ఈ రెండు విద్యలు చేయి చేయి పట్టుకొనియే నడచినవి. ఎనిమిదవ శతాబ్ది ఉత్తరార్ధములో ఖలీఫా అల్ మన్సూరు కొలువునకు మన సిద్ధాంతగ్రంథములు చేరినవి. తొమ్మిదవ శతాబ్దిలో అక్కడి అల్ ఖ్వారిజ్మీ యను పండితుడు సమీకరణములను సాధించు గ్రంథమును వ్రాసెను. దాని పేరిలోని అల్ జబ్ర్ అను మాటయే ఆల్జీబ్రా యైనది. ఆయనయే మన సిద్ధాంతముల ననుసరించి జ్యాపట్టికతో కూడిన జ్యోతిర్గ్రంథమును గూడ కూర్చెను. బీజమునకు పేరు పెట్టిన చేయియు, జ్యను పడమటికి పంపిన చేయియు ఒక్కటే.

అయితే ఈ విషయమున నాకు అన్నిటికంటె మిన్నగ తోచు పుస్తకము సంస్కృతములోనిది గాదు, అరబ్బులోనిది గాదు. కేరళదేశమున పదునాలుగవ శతాబ్దిలో సంగమగ్రామ మాధవుడు జ్యలను అంతులేని శ్రేణులుగా విప్పి చూపెను. ఆయన శిష్యపరంపరలోని జ్యేష్ఠదేవుడు పదునాఱవ శతాబ్దిలో ఆ విద్యకు ఉపపత్తులతో యుక్తిభాష యను గ్రంథమును వ్రాసెను. మలయాళములో వ్రాసెను, వచనములో వ్రాసెను. అంతటి గహనవిషయమును చెప్పబోవు ఆయన ఎక్కడ ఆరంభించెనో చూడుడు. కూడిక, తీసివేత, గుణకారము, భాగహారము, వర్గము, మూలము. తరువాత దశప్రశ్నములు. ఆపైన భిన్నములు, త్రైరాశికము, కుట్టకము. ఇన్నియు నడచిన పిదప వృత్తపరిధి. దాని తరువాత జ్యలు. ఏడు అధ్యాయములలో ఐదు మెట్లు, రెండు మేడలు. తన పాఠకుడు ఇదివఱకే నేర్చియుండునని ఆయన తలపలేదు, మరచియుండునని తలచెను. ఉపాధ్యాయుడనగా అట్లుండవలెను.

1834లో కంపెనీ కొలువులో నుండిన విష్ అను దొర ఈ కేరళగ్రంథములను గూర్చి ఆంగ్లమున వ్యాసము ప్రకటించెను. పడమటి పండితులు చాలకాలము దానిని పట్టించుకొనలేదు.

తెలుగున మనకు దక్కిన గణితగ్రంథములలో తొలిదిగా ఎన్నబడుచున్నది పావులూరి మల్లన గణితము. తొమ్మిదవ శతాబ్దివాడగు మహావీరాచార్యుని సంస్కృతగ్రంథమును ఆయన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. జ్యలు కట్టుటకు కావలసిన మెట్లు మన భాషలో అంత పూర్వమే పడియున్నవని చెప్పుటకే దీని నెత్తితిని. ఇక ఆ జ్యలే కొలగొలుసుతో గూడి మన నేలమీద నడచినది 19వ శతాబ్దిలో. లాంబ్టను దొర 1802 ఏప్రిలు 10వ తేదీన మదరాసులో పరంగికొండ యొద్ద ఏడున్నర మైళ్ల గీతను కొలుచుట మొదలిడెను. ఒక్క భుజమును గొలుసుతో కొలిచి, తక్కిన త్రిభుజముల భుజములను కోణములనుండి గణించుచు పోవుట ఆ పని పద్ధతి. అది అనంతపురము, కర్నూలు, మహబూబ్ నగరము ప్రాంతములమీదుగా ఉత్తరమునకు సాగినది. 1823లో హింగన్ ఘాటువద్ద ఆయన మరణించునాటికిని ఆ పని ముగియలేదు.

మీ మనుమలకు నేటి సాయంకాలము ఇచ్చుటకు ఒక చిన్న లెక్క చెప్పి విరమించెదను. యుక్తిభాషలోని దశప్రశ్నములని యంటిని గదా. రెండు సంఖ్యల మొత్తము, తేడా, లబ్ధము, వర్గముల మొత్తము, వర్గముల తేడా — ఈ ఐదింటిలో ఏ రెండిచ్చినను ఆ సంఖ్యలను కనుగొనుటయే ఆ ప్రశ్నలు. ఐదింటిలో రెండేసి తీసికొన్న పది విధములగును, అందుచే దశప్రశ్నములు. లెక్క యిది. ఒక పలకచెక్క పొడవును వెడల్పును కలిపి 17 అంగుళములు. వైశాల్యము 60 చదరపు అంగుళములు. మూలనుండి మూలకు కర్ణ మెంత?

పిల్లవాడు మొదట పొడవు వెడల్పులను వెదకును. అక్కరలేదు. 17 వర్గము 289. అందుండి 60కి రెట్టింపు, అనగా 120 తీసివేసిన 169. మూలము 13. కర్ణము 13 అంగుళములు. ఇక భుజములే కావలెనన్నచో, 289లోనుండి 60కి నాలుగు రెట్లు, 240 తీసివేసిన 49, మూలము 7, అది తేడా. మొత్తము 17, తేడా 7. సంఖ్యలు 12, 5.

ఈ మూడు సంఖ్యలు వచ్చిన పిమ్మట 12 అంగుళముల శంకువు నొకదానిని చేయించి, రాత్రి పగలు సమముగా నుండు విషువద్దినమున, సరిగ మధ్యాహ్నమున, మట్టము చేసిన నేలపై నిలుపుమనుడు. నీడ 5 అంగుళములు పడునూరిలో శంకువు కొననుండి నీడకొనకు 13 అంగుళములుండును. ఆ యూరి అక్షాంశము 22 డిగ్రీలన్నరకు కొంచెము పైన. ఉజ్జయినికి అది దగ్గర సంఖ్య. విజయవాడలోనైన నీడ మూడున్నర అంగుళములే పడును. మీ యూరిలో నెంత పడునో కొలిచి, నీడను 12చే భాగించిన ఆ యూరి అక్షాంశమునకు టాన్జెంటు వచ్చును. పట్టికలో చూచి అక్షాంశమును తెలిసికొని, పటముతో సరిచూచుకొనుడు. మార్చి 21వ తేదీ ప్రాంతమున ఒకమారు, సెప్టెంబరు 23వ తేదీ ప్రాంతమున ఒకమారు ఇందులకు వీలు కలుగును.